చాటవ్వ చేతిలో మొదట చచ్చేదెవరు

కోరుట్ల,
జూన్ 9.

శ్రీలత వదినకు,

నా నంబరు బ్లాక్ చేశావు. ఇన్‌స్టాలోనూ బ్లాక్ చేశావు. పోస్ట్‌మ్యాన్‌ను ఎట్లా బ్లాక్ చేస్తావో చూస్తాను. ఉత్తరం కదా అని బళ్ళో తెలుగు సారు నేర్పిన భాషలో రాస్తున్నాను, నవ్వకు.

సంగతి ఏమిటంటే, మన దయ్యం సినిమా 'చాటవ్వ' మూడో భాగం ఖాయమైంది. ఈసారి యూట్యూబ్ కాదు, ఓటీటీ. హైదరాబాద్ నిర్మాత. కథలాపూర్ దగ్గర మూతబడిన బీడీల కార్ఖానా ఒకటి దొరికింది, గోడలు చూస్తేనే ఒళ్ళు జలదరిస్తుంది. ఆగస్టులో షూటింగు. నువ్వు రావాలి. మొదటి సీన్లో చచ్చేది నువ్వే.

ఎందుకు నువ్వే అని అడగకు. మొదటి భాగం తీసినప్పుడు చచ్చే పాత్రకు ఊళ్ళో ఒక్కరూ ఒప్పుకోలేదు కదా. "బతికుండంగనె పీనుగ లెక్క పండుకోవాల్నా, నడువుండ్రి" అని మనల్ని వాకిట్లోంచే తరిమారు. డైరెక్టరువై ఉండి నువ్వే పోయి పడుకున్నావు. నాయినమ్మ చాట పక్కన పెట్టి బీడీ దారం నీ మెడకు చుడుతుంటే నీకు చక్కిలిగింతలు. నీ నవ్వుకు ఎన్ని టేకులు పాడయ్యాయో! జనానికి అదే నచ్చింది. డైరెక్టరే దయ్యానికి మొదటి బలి అని కామెంట్లలో ఒకటే గోల. రెండో దాంట్లో మేడిపల్లిలో కామెడీ వీడియోలు తీసే మనోహర్‌ను చంపాం. ఇప్పుడది మన సిరీస్‌కు ఆనవాయితీ అయిపోయింది. ఈసారి ఏ డైరెక్టరు చస్తాడని జనం పందేలు కాస్తున్నారు.

నెల నుంచి నీ దగ్గరే ఉన్న మన దయ్యం, నాయినమ్మ, ఎట్లా ఉంది? మందులు వేసుకుంటోందా? వచ్చేటప్పుడు తీసుకొని రా.

నీ మరదలు,
సంధ్యారాణి

*

సిరిసిల్ల,
జూన్ 20.

సంధ్యకు,

నీ ఉత్తరం అందింది. మూడుసార్లు చదివాను. ఎక్కడన్నా "కలిసి తీద్దాం వదినా" అనే మాట ఉందేమోనని వెతికాను. లేదు. "వచ్చి చచ్చిపో" అని మాత్రం ఉంది.

చాటవ్వ ఎవరి తలలోంచి పుట్టిందే? చిన్నప్పుడు కరెంటు పోయిన ఇంట్లో మా అమ్మమ్మ, అదే మీ నాయినమ్మ, చాట ముందు కూచుని బీడీలు చేస్తుంటే, ముఖం కనబడక చేతులు మాత్రమే కదులుతుంటే, భయంతో చెద్దరు ముసుగేసుకున్నది నేను. ఆ బీడీకి దారం ముడిపడగానే ఒక మనిషి ఊపిరి పోవాలని చెప్పింది నేను. నువ్వు ఫోను పట్టుకున్నావు. అది కూడా మా ఆయన అంజి కొనిచ్చిన ఫోను.

మొదటి భాగంలో దర్శకత్వం: శ్రీలత - సంధ్యారాణి. రెండో భాగంలో దర్శకత్వం: సంధ్యారాణి. మరి నేనెక్కడ? చివర్లో "ప్రత్యేక కృతజ్ఞతలు" అని ట్రాక్టరు ఓనరుకూ టిఫిన్ సెంటరుకూ మధ్యలో ఉన్నాను. కాన్పుకు పోయిన మనిషి పేరు కాన్పుతోనే పోతుందా?

ఇక్కడ నేను పెళ్ళిళ్ళు షూట్ చేసుకుంటున్నాను. మొన్న కోనరావుపేటలో పెళ్ళికి పోతే, పెళ్ళికూతురి మేనత్త నా పేరు అడిగి, ఊరు అడిగి, "చాటవ్వ తీసిన సంధ్యారాణికి నువ్వేమైతవ్ బిడ్డా?" అంది. తీసింది నేనే అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగి, "వదినను" అన్నాను. వెంటనే ఆమె నాకు కుర్చీ వేయించింది. నేను తీసిన సినిమాకు నీ వదినని చెప్పుకుంటే నాకు కుర్చీ. ఆ కుర్చీలో కూచోలేదు.

పేపర్లో నీ ఫొటో కూడా చూశాను. "కోరుట్ల ఆడబిడ్డ" అట. పక్కన నిలబడ్డ పొడుగాయన ఎవరో పెద్దది చేసి చూశాను. పెద్ద పెద్ద సినిమాలు తీసే కరుణాకర్ రావు. ఆయన భుజం పక్కన నీ భుజం. బాగుంది. చూడముచ్చటగా ఉంది. కడుపు మండిపోయేంత బాగుంది.

నేను రాను. అమ్మమ్మ కూడా రానంది.

శ్రీలత

*

కోరుట్ల,
జూలై 2.

వదినా,

రానంటే మానె. బతిమిలాడను.

నువ్వు కాన్పుకు పోయావు, తర్వాత పిల్లకు జ్వరమన్నావు, తర్వాత పెళ్ళిళ్ళ సీజనన్నావు. నేను ఎండలో మనోహర్‌ను బతిమిలాడి, ట్రాక్టరు ఓనరును బతిమిలాడి, కరెంటువాళ్ళను బతిమిలాడి రెండో భాగం తీశాను. ఎడిటింగు అప్పుడు నీకు ఫోను చేస్తే పిల్ల ఏడుపు వినబడింది, "తర్వాత చేస్తా" అన్నావు. ఆ తర్వాత ఇంకా రాలేదు. నువ్వు లేని సినిమాకు నీ పేరు ఎట్లా వేయనూ?

ఇంకో మాట. నువ్వు రానన్నది మంచికే అయింది. కరుణాకర్ రావు సారే మొదట చచ్చే పాత్ర వేస్తానన్నారు! మన జగిత్యాల వాడేనట, మేడిపల్లి వైపు పెద్ద కుటుంబం. మన రెండు భాగాలూ చూశారట. "ఇంతమందిని తెర మీద చంపిన, నన్నెవ్వలు సంపలే. మీ ముసలవ్వ చేతిల పోవాలని ఉన్నది" అని జగిత్యాల సన్మానంలో అందరి ముందూ అన్నారు. ఆ మాటతోనే నిర్మాత సంతకం పెట్టాడు. పోస్టరు మీద కూడా ఆయన బొమ్మే, మెడకు బీడీ దారంతో.

కాబట్టి నీ మెడ నీ దగ్గరే ఉంచుకో. నాయినమ్మను మాత్రం పంపు. ఆమె రానన్నదని రాశావే, ఆమెతో ఫోనులో ఒక్కసారి మాట్లాడించు చూద్దాం.

సంధ్యారాణి

*

సిరిసిల్ల,
జూలై 15.

సంధ్యకు,

అమ్మమ్మ రానని అనలేదు. అసలు నేను అడగనేలేదు. చాలా?

నీ ఉత్తరం అంజి చదివి ఊరుకున్నాడా? మరమగ్గాల సాంచెల మీద నుంచి దిగి రాగానే, దూది ఇంకా నెత్తి మీదే ఉంది, "అవ్వా, నిన్ను మల్ల సినిమాకు పిలిశిండ్రు" అని గట్టిగా చెప్పాడు. ఇక చూడు! ముసలావిడ అప్పుడే సంచి సర్దింది. రెండు చీరలు, కత్తెర, మందుల డబ్బా. "గింత పెద్ద ముచ్చట నాకెందుకు చెప్పలేదే?" అని నా వైపు చూసిన చూపు ఉందే, మొదటి భాగంలో కెమెరా ముందు చూడమంటే ఎన్నిసార్లకూ చూడలేదు.

ఆదివారం బస్సెక్కిస్తాను, కోరుట్ల బస్టాండుకు నువ్వే స్వయంగా రా.

అవునే, నాకు కుళ్ళే. దాచుకోను. నువ్వు కార్లో తిరుగుతావని కాదు, పేపర్లో పడ్డావని కాదు. అమ్మమ్మ చేతిలో చచ్చే చోటు నాది. దాన్ని పోయి పోయి ఒక దొరకు ఇచ్చావు. ఆ చోట్లో ఆయన పడుకుంటే ఊరూరా చప్పట్లు కొడతారు. నేను పడుకుంటే చక్కిలిగింతలని నువ్వు రాసుకుంటావు.

పోనీ. ఆమెకు ఎండ పడదు. మధ్యాహ్నం కాసేపు పడుకోనివ్వు. డైలాగు నేర్పకు, నేర్పితే చెడగొడుతుంది. చాట మీద చేతులు పెట్టి వదిలెయ్, అంతే.

నీ సినిమా బాగా ఆడాలని రాయాలి కదా. ఇంకో ఉత్తరంలో రాస్తానులే.

శ్రీలత

*

కథలాపూర్,
ఆగస్టు 19.

వదినా,

ఇది ఎవరికీ చెప్పకు. అంజి అన్నకు కూడా.

నిన్న మొదటి సీను పెట్టుకున్నాం. కార్ఖానాలో పొగ వేశాం. మధ్యలో నాయినమ్మ, ముందు చాట. తలుపు తోసుకొని రావు సారు రావాలి, ఆమెను చూడాలి, ఆమె తల ఎత్తకుండా బీడీ చేస్తూనే ఉండాలి. సారు వచ్చారు. తెల్ల చొక్కా, చేతిలో టార్చిలైటు.

నాయినమ్మ తల ఎత్తింది. చాట కింద పెట్టింది. లేచి నిలబడింది.

"నాయినమ్మా, లేవద్దు, నువ్వు దయ్యానివి" అన్నాను. సరే బిడ్డా అంది. మళ్ళీ పెట్టాం. మళ్ళీ లేచింది. ఈసారి చెప్పులు కూడా విప్పింది! యూనిట్ అంతా నవ్వింది, సారు కూడా నవ్వారు. "అవ్వా, నేను నీ మన్మని లెక్క, కూసో" అన్నారు. ఆమె కొంగు భుజం చుట్టూ కప్పుకొని, వంగి, "అట్లనే దొరా" అంది. పక్కకు తీసుకుపోయి అడిగాను, ఎందుకు లేస్తున్నావని. "నేనేడ లేసిన బిడ్డా? కాళ్ళు లేసినయ్" అంది. నాకు అరవాలో ఏడవాలో తెలియలేదు.

అప్పుడు సారే ఉపాయం చెప్పారు. తను నడిచి రావడం వద్దు, ముందే చచ్చి పడి ఉంటారు, చాటవ్వ వచ్చి పక్కన కూచుని మెడకు చుట్టిన దారం తీసుకుంటే చాలు. బాగుందనుకున్నాం. ఆయన నేల మీద పడుకున్నారు. కళ్ళు మూశారు. నాయినమ్మ మెల్లగా వచ్చింది. పక్కన కూలబడింది.

వదినా, ఆమె శోకం తీసింది.

"ఏడ వోతివి దొరా, మమ్ములనెవ్వలు పిలుస్తరు దొరా" అని. గుండెలు బాదుకుంటూ, రాగం తీస్తూ. నటన కాదు. ఆపితే ఆగలేదు. తర్వాత నీళ్ళు తాగించి అడిగితే చెప్పింది. ఆమె పుట్టినిల్లు మేడిపల్లి వైపే కదా. చిన్నతనంలో అక్కడి పెద్ద దొర పోతే వాడకట్టు ఆడవాళ్ళను గడి మేడకు పిలిపించి వంతులవారీగా ఏడిపించారట. ఏడవకపోతే ఆ ఏడు కూలికి పిలవరు. వీళ్ళమ్మకు జ్వరమొస్తే, ఆ వంతుకు ఈమెను పంపారు. "ఈయన ముఖం అచ్చం గా పెద్దదొరదే. పండుకున్నడు గదా, ఏడ్సుడు గట్లనే వచ్చింది" అంది.

ఆ దొర సారుకు తాత. సారు లేచి కూచున్నారు. చొక్కాకు అంటిన దుమ్ము కూడా దులుపుకోలేదు. పోయి కార్లో కూచున్నారు.

నిర్మాత ఊరుకుంటాడా? సారును మార్చడం కుదరదు, పోస్టరు ఆయనతోనే బయటికి పోయింది. ముసలమ్మను మార్చండి అన్నాడు. హైదరాబాద్ నుంచి ఒక అమ్మాయి వస్తోంది, ముఖానికి ముడతల మేకప్ వేస్తారట, దూరం నుంచి చూస్తే తెలియదట. నేను ఒప్పుకున్నాను. ఏం చెయ్యను? నాయినమ్మను కోరుట్లలో ఇంట్లో దింపాను. చీర, చాట ఆ అమ్మాయికి కావాలని అడిగి తీసుకున్నాను. తనే తెచ్చి ఇచ్చింది.

నువ్వు సంతోషిస్తావేమో. సంతోషించు.

సంధ్య

*

సిరిసిల్ల,
ఆగస్టు 25.

ఏమే సంధ్యా,

బడి తెలుగు నాకిప్పుడు రాదు. కోపమొస్తే మనదే వస్తది.

నువ్వు రాసినట్టే, ముందుగాల సంతోషపడ్డ. అబద్ధమెందుకు? రావు సారు కార్ల పోయి కూసున్నడని చదివి పొయ్యి కాడ ఒక్కదాన్నే నవ్విన. మంచిగైంది దీనికి అనుకున్న. కింది దాక చదివినంక నా నవ్వు నాకే ఎగటైంది.

నువ్వు దయ్యాన్ని మార్చినవా? చచ్చేటోన్ని మార్చుమనక, చంపేదాన్ని మార్చినవా? ఆమె లేశి నిలబడ్డదని, ఆమె ఏడ్సిందని, ఆమెదే తప్పైందా? ఆమె చీర అడిగి తీస్కున్నవా? నీ నోరెట్ల వచ్చిందే? గా చాట మన సినిమాకు కొన్నది కాదు, ఆమె లగ్గమైనప్పటి సంది ఆమె ఒళ్ళె ఉన్న చాట. గా చాట మీద చేసిన బీడీలతోనే మీ నాయిన చదివిండు, మా అమ్మ పెండ్లి జరిగింది.

ఇన్ని దినాలు నీ మీద కుళ్ళుకున్న. నీ పేరు చూస్తే కుళ్ళు, నీ ఫొటో చూస్తే కుళ్ళు. ఇయ్యాల నీ జాగల నేను లేనందుకు మొదటిసారి నాకు బాధైతలేదు.

విను. గా హైదరాబాద్ పిల్లను వాపసు పంపు. అమ్మమ్మను తోల్కరా. నేనొచ్చి పండుకుంట. నన్ను చూస్తే ఆమె లేవది, ఏడ్వది. నా పేరు ఎయ్యకు. నా ముఖం చూపియ్యకు, బోర్ల పండుకుంట. ట్రాక్టర్ ఓనర్ పక్కన సుత నా పేరొద్దు. అయినా సరే అననంటే, చాటవ్వ అనే పేరు నీ సినిమా మీదికెళ్ళి తీసెయ్. గా పేరు నాది, ఆమెది. నీకు ఇయ్య.

శ్రీలత

*

కోరుట్ల,
సెప్టెంబర్ 6.

వదినా,

నీ ఉత్తరం వచ్చేసరికి హైదరాబాద్ అమ్మాయితో ఒక రోజు షూటింగు అయిపోయింది. పాపం, ఆమెది తప్పేమీ లేదు. కానీ ఆమె బీడీ చేస్తుంటే ఉత్త బీడీ చేస్తున్నట్టే ఉంది, భయం లేదు. ఎడిటింగులో చూసి నేనే ఫోను తిరగేసి పెట్టాను.

ఇంటికొచ్చి నీ ఉత్తరం నాయినమ్మకు చదివి వినిపించాను. మొత్తం చదవలేదు, నన్ను తిట్టినవి వదిలేశాను. ఆమె గోడకు ఆనుకొని కూచుంది, ఒళ్ళో చాట లేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకుంది.

"గా పిల్ల నా చీర కట్టిందా?" అంది.

"కట్టింది."

"నా తీర్గ కూసుంటదా?"

"కూసోదు."

"నాకంటె మంచిగ చేస్తదా?"

నీకు నా మీదున్న కుళ్ళు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అప్పుడు తెలిసింది వదినా. అది మన ఇంట్లోనే ఉంది. చేయదని చెప్పినా నమ్మలేదు. ఆ అమ్మాయి వీడియో చూపించమంది, చూపిస్తే చూడనని ముఖం తిప్పుకుంది, మళ్ళీ చూపించమంది.

నువ్వొచ్చి పడుకుంటానన్నావని చెప్పి, వదినను చంపుతావా అని ఆమెను అడిగాను. ఏమందో తెలుసా? "దొర మీదికి నా చెయ్యి లేవది. శ్రీలతను చంపబోతె నాకు నవ్వొస్తది. నిన్ను చంపుత. పండుకో."

నేను పరాచికం అనుకున్నాను. "ఎందుకు నాయినమ్మా?" అన్నాను.

"నీ మీద కోపమున్నది."

అక్కడే, వంటింటి గడప ముందు పడుకున్నాను. ఆమె దారం తీసుకుంది. మెడ చుట్టూ తిప్పింది, ఒక్క లాగు లాగింది. ఊపిరాడలేదు వదినా. ఆ చేతులు అంత గట్టివని నాకు తెలియదు. పైకి చూస్తే ఆమె ముఖం... నేను రెండు సినిమాలు తీశాను, ఆ ముఖం నా కెమెరాకు ఎప్పుడూ దొరకలేదు. దారం వదిలేశాక నా మెడ రాసి, "నొచ్చిందా?" అంది. నొచ్చిందన్నాను. "నొయ్యనీ" అని లోపలికి పోయింది. నేను అక్కడే కూచుని ఏడ్చాను.

మరునాడు నిర్మాతకు చెప్పాను, నాయినమ్మ లేకపోతే నేనూ లేనని. తిట్టాడు, నాలుగు రోజులు ఫోను ఎత్తలేదు, చివరికి పోస్టరు మారుస్తానన్నాడు. రావు సారుకు నేనే ఫోను చేశాను. "మంచిదమ్మా" అన్నారు. పెట్టేయబోయి, "ఆమెది ఏ ఊరు?" అన్నారు. "మీదే సార్" అన్నాను. ఫోను పెట్టేశారు.

కాబట్టి మూడో భాగంలో మొదట చచ్చేది నేను. డైరెక్టరే చావాలి కదా మన సిరీస్‌లో. కానీ దారం మెడ చుట్టూ ఉన్నప్పుడు నేను కెమెరా వెనక ఉండలేను. నిర్మాత తన అసిస్టెంటును పెడతానన్నాడు. వద్దన్నాను. నాయినమ్మ ముఖం ఎప్పుడు ఎట్లా మారుతుందో తెలిసిన మనిషి కావాలి.

కొత్త పోస్టరు మీద రెండు పేర్లు ఉంటాయి. నీది ముందు. ఇది రాస్తుంటే నా కడుపు మండుతోంది, అది కూడా దాచుకోను.

రా వదినా.

సంధ్య

*

సిరిసిల్ల,
సెప్టెంబర్ 11.

సంధ్యా,

పోస్టర్ సంగతి కండ్లతోని చూసినంక నమ్ముత.

సోమవారం పొద్దుగాల బస్సుకు వస్తున్న, పిల్లను అంజికి ఒప్పజెప్పి. ఆమె చాట, చీర నేనొచ్చే లోపట ఆమెకు వాపసు ఇయ్యి. నేను దిగుడుతోనే అడుగుత.

నీ నంబర్ ఇంక బ్లాక్ తీయలే. షూటింగ్ అయినంక ఆలోచిస్త.

నువ్వు కింద పండుకో. అమ్మమ్మ దారం పట్టుకుంటది. యాక్షన్ నేను చెప్త. కట్ ఎప్పుడు చెప్తనో మాత్రం నన్ను అడుగకు.

నీ వదిన,
శ్రీలత